పెరటిలోని విషరహిత సర్పాలు: ఇంటికీ తోటకూ మేలు

దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ తహసీల్‌లో చౌల్దారీ ఒక గ్రామం. కొబ్బరి, పోక తోటల నడుమ ఇళ్లుండే ఇటువంటి ఊళ్లలో పాము కనబడడం వింత కాదు. కనబడగానే కర్ర అందుకోవడమూ వింత కాదు. అయితే పెరటిలోకి వచ్చే పాముల్లో అనేకం విషరహితాలు. వాటిని చంపితే చివరకు నష్టపోయేది ఆ ఇంటివారే.

ఎలుకలతోనే అసలు ముప్పు

ఎలుకలు కొబ్బరి పిందెలను కొరికి రాలుస్తాయి, ధాన్యాన్ని పాడుచేస్తాయి. అంతకు మించి వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. అండమాన్‌లో ఈ వ్యాధిపై పరిశోధన 1931లోనే ప్రచురితమైంది. 1980వ దశకం చివరి నుంచి ద్వీపవాసులను భయపెట్టిన ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ కూడా లెప్టోస్పైరోసిస్ అనే తరువాత తేలింది. పాములుంటే ఈ వ్యాధి రాదని చెప్పలేము. కానీ ఎలుకలను తినే జీవిని చంపి, ఎలుకలు పెరిగాయని వాపోవడంలో అర్థం లేదు.

ఏ పాము ఏం చేస్తుంది?

ప్రధాన భూభాగంలో చిరపరిచితమైన జెర్రిపోతు అండమాన్‌లోనూ ఉంది. రెండు మీటర్లకు పైగా పెరిగినా దీనికి విషం లేదు. పిల్లి, గుడ్లగూబ చొరలేని కలుగులోకి దూరి ఎలుక పిల్లలనూ తింటుంది. జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందన్న నమ్మకం నిరాధారం. పెనవేసుకుని ‘నాట్యమాడే’ జెర్రిపోతులు సాధారణంగా పోట్లాడుకునే మగపాములు. నాగుపాము నిజానికి జెర్రిపోతును తినగలదు.

అండమాన్‌కే పరిమితమైన కంచువన్నె చెట్టుపాము బల్లులను, కప్పలను వేటాడుతుంది. రాత్రివేళ ఇళ్లలోకి వచ్చే తోడేలు పాము ప్రధానంగా బల్లులను తింటుంది.

పూలకుండీల మట్టిలో వానపామును పోలిన గుడ్డిపాము చీమల, చెదపురుగుల గుడ్లను, పిల్లలను తింటుంది. ఈ జాతిలో అన్నీ ఆడపాములే. మగపాముతో పని లేకుండానే సంతతి కలుగుతుంది. కుండీల మట్టితో పాటు ప్రపంచమంతటా వ్యాపించిన ఈ చిన్న పామును శాస్త్రలోకానికి తొలిసారి పరిచయం చేసిన నమూనా విశాఖపట్నానిది. అక్కడ పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన కోరమాండల్ సర్పాల గ్రంథంలోని చిత్రం ఆధారంగా 1803లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు.

పొరపాటు ప్రమాదకరం

తోడేలు పాము ఒంటిమీది పట్టీలు చూసి కట్లపామని చంపేవారు ఉన్నారు. కట్లపామును తోడేలు పామని చేత పట్టుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అండమాన్‌కు ప్రత్యేకమైన నాగుపాము, కట్లపాము, గుంట పింజరి జాతులు ఉన్నాయి. దేశంలో వాడే విషవిరుగుడు మందు ప్రధాన భూభాగంలోని నాలుగు జాతుల విషం ఆధారంగా తయారవుతుంది. కనుక ద్వీపాల్లో కాటు పడకుండా చూసుకోవడమే మొదటి రక్షణ. పాము ఏదో తెలియనప్పుడు విషసర్పంగానే భావించి దూరంగా ఉండాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

* పాము కనబడితే పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచి, అది వెళ్లిపోయే దారి వదలాలి.
* ఇంటిలోకి వస్తే అటవీ శాఖకు తెలియజేయాలి. పాములను చంపడం, పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద శిక్షార్హం.
* కట్టెలు, కొబ్బరి డొక్కల కుప్పలు గోడకు ఆనించరాదు. గుమ్మాల సందులు మూయాలి.
* రాత్రి నడకకు టార్చి, నిద్రకు దోమతెర వాడాలి.
* కాటు పడితే గాయాన్ని కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. కాటు పడిన అవయవాన్ని కదల్చకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఎలుకల విషం చల్లే అవసరం తగ్గించే ఈ మిత్రుడు ఇంటివారిని అడిగేది తోట మూలలో కాస్త చోటు మాత్రమే.