1860 ఆదాయపు పన్ను: న్యాయమైన కొలత ఏది?

ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు కూడా పెరగడం న్యాయమేనా? మన దేశ చరిత్రలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1857 తిరుగుబాటు వల్ల పెరిగిన అప్పులను తీర్చడానికి 1860లో జేమ్స్ విల్సన్ ఇక్కడ మొదటి ఆదాయపు పన్నును ప్రవేశపెట్టారు. ఏటా 200 రూపాయలలోపు ఆదాయానికి పన్ను లేదు. 200 నుండి 500 వరకు నూటికి 2, ఆపైన నూటికి 4. ఉప్పు పన్ను మాత్రం ధనికునికీ కూలివానికీ ఒకే రేటు. ధనికుడు దానిని మిగులులోనుండి ఇచ్చాడు, కూలివాడు తన కూటిలోనుండి ఇచ్చాడు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. దాని గవర్నరు ట్రెవెల్యన్ కొత్త పన్నును బహిరంగంగా వ్యతిరేకించి, ప్రభుత్వమే ఖర్చు తగ్గించుకోవాలని వాదించి, పదవి పోగొట్టుకున్నారు. 1865లో ముగిసిన ఆ పన్ను 1886 చట్టంతో స్థిరపడింది.

లేఖనాలలోనూ రెండు కొలతలున్నాయి. నిర్గమకాండము 30లో ధనికుడైనా బీదవాడైనా అరతులమే ఇవ్వాలి. లేవీయకాండము 5లో గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలను, అదీ చేతకానివాడు పిండిని తేవచ్చు. మొదటిది ప్రాణాల సమాన విలువను చాటుతుంది; రెండవది మనిషి శక్తిని గమనిస్తుంది. పన్ను కొలవవలసింది శక్తినే గనుక రెండవ కొలతే దానికి తగినదని మా అభిప్రాయం. అయితే కొలతను నిర్ణయించేటప్పుడు చెల్లించేవారి మాట కూడా వినాలి. 1860లో లోపించినది అదే.