డొమైను పేర్ల అన్వేషణ, వెలకట్టు ఉపకరణాలు

తిరిగి అమ్మదగిన ఇంటర్నెట్టు డొమైను పేర్లను వెదకి పట్టుకొనేందుకు, వాటి విలువను అంచనా వేసేందుకు వాడే సాఫ్టువేర్లను డొమైను పేర్ల అన్వేషణ, వెలకట్టు ఉపకరణాలు అంటారు. గడువు తీరిన పేర్ల జాబితాలు, హూయిజ్ శోధన, పాత అమ్మకాల పట్టికలు, యాంత్రికంగా ధర చెప్పే కార్యక్రమాలు ఈ కోవలోకి వస్తాయి. పేర్లను కొని అమ్మే వ్యాపారులతో పాటు, ఊరి పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టుకోదలచిన చిన్న సంస్థలు కూడా వీటిని వాడుతుంటాయి. ఇవి ఇంగ్లీషు పదాలను, అమెరికా సంతను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. తెలుగు ఊళ్ల పేర్ల విషయంలో ఇవి ఎలా తడబడతాయో చూడడానికి రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మంచి ఉదాహరణలు.

పేరు సరుకైన విధం

డొమైను పేర్ల వ్యవస్థను 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించాడు. డాట్ కామ్ కింద మొదటి పేరు సింబాలిక్స్. అది 1985 మార్చి 15న నమోదైంది. 1995 వరకు నమోదుకు రుసుము లేదు. ఆ ఏడాది నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ రెండేళ్ళకు 100 డాలర్ల చొప్పున వసూలు చేయడం మొదలుపెట్టింది. ఒక పేరును ఒక్కరే పొందగలరు, ముందు అడిగినవారికే అది దక్కుతుంది. పునర్విక్రయం ఈ రెండు నియమాల నుండే పుట్టింది. 1999లో బిజినెస్ డాట్ కామ్ 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోవడంతో పేర్ల వ్యాపారం పత్రికలకెక్కింది.

తెలుగువారికి బాగా దగ్గరి ఉదంతం కూడా అదే ఏడాదిది. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, 1999 నవంబరులో ఇండియావరల్డ్ సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. సమాచార్, ఖోజ్, ఖేల్, బావర్చీ అనే సైట్లు ఇండియావరల్డ్‌వే. ఈ పేర్లన్నీ భారతీయులు రోజూ పలికే మాటలే. కొన్నది పేర్లను మాత్రమే కాదు, సైట్లకు అలవాటుపడిన పాఠకులను కూడా. అయినా, గుర్తుండిపోయే దేశీయ పదానికి వెల ఉంటుందని ఆ ఒప్పందం మన దేశంలో అందరికీ తెలియజెప్పింది.

దేశ సంకేతమైన డాట్ ఇన్ 1989లో ఏర్పడినా, 2005 ఆరంభంలో నియమాలు సడలించే వరకు నమోదులు చాలా తక్కువ. ఆ తరువాత నిక్సీ ఆధ్వర్యంలో ఎవరైనా నమోదు చేసుకొనే వీలు కలిగింది. భారతీయ ఊరి పేర్లకు, ఇంటి పేర్లకు గిరాకీ అప్పటి నుండే.

అన్వేషణ ఉపకరణాలు

పేరు ఖాళీగా ఉన్నదా, ఉంటే ఎవరి వద్ద ఎప్పటివరకు ఉన్నది అన్నది మొదటి ప్రశ్న. చాలాకాలం దీనికి హూయిజ్ అనే సేవ జవాబు చెప్పింది. 2018 మే నెలలో ఐరోపా సమాచార రక్షణ నిబంధనలు అమలులోకి వచ్చాక సొంతదారుల వివరాలు చాలావరకు మరుగయ్యాయి. 2025 జనవరి నుండి డాట్ కామ్ వంటి సాధారణ డొమైన్లకు హూయిజ్ తప్పనిసరి కాదు. దాని స్థానంలో ఆర్‌డాప్ అనే పద్ధతి వచ్చింది. కొనదలచినవారికి ఇది ఇబ్బందే. నమోదు తేదీ, గడువు తేదీ కనిపిస్తాయి గాని, ఎవరిని అడగాలో చాలాసార్లు కనిపించదు.

గడువు తీరిన పేర్లను పట్టే ఉపకరణాలు మరొక తరగతి. డాట్ కామ్ పేరు గడువు తీరిన వెంటనే ఖాళీ కాదు. రిజిస్ట్రారును బట్టి 45 రోజుల వరకు మామూలు రుసుముతో పునరుద్ధరించుకొనే వీలుంటుంది. ఆ పైన 30 రోజుల విమోచన కాలంలో అపరాధ రుసుము కట్టాలి. చివరి 5 రోజులు పేరు తొలగింపు వరుసలో ఉంటుంది, అప్పుడిక సొంతదారు కూడా దానిని వెనక్కి తీసుకోలేడు. ఎక్స్‌పైర్డ్‌డొమైన్స్ వంటి సైట్లు ఈ వరుసను ప్రతిరోజూ జాబితాలుగా ఇస్తాయి. పేరు వదలబడే క్షణంలో స్నాప్‌నేమ్స్, డ్రాప్‌క్యాచ్ వంటి సంస్థలు అనేక రిజిస్ట్రారు గుర్తింపులను ఒకేసారి వాడి అభ్యర్థనలు పంపుతాయి. ఒక వ్యక్తి ఇంట్లో కూర్చుని మీట నొక్కి ఈ పోటీలో నెగ్గడం దాదాపు అసాధ్యం. అయితే ఈ సంస్థలు పట్టించుకోని పేర్లు రోజూ వేలల్లో మిగులుతాయి, చిన్న వ్యాపారి వెదికేది వాటిలోనే.

వదలిన పేరుకు గతం ఉంటుంది. దానిని చూడడానికి 2001లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన వేబ్యాక్ మెషీన్ ఉపయోగపడుతుంది. ఒకప్పుడు బడి సైటుగా ఉన్న పేరు మధ్యలో జూదం ప్రకటనలకు వాడబడి ఉంటే, శోధన యంత్రాల దృష్టిలో దానికి చెడ్డపేరు అంటుకొని ఉండవచ్చు. కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా నష్టాలు తప్పుతాయి. ఆశ్చర్యమేమంటే, దీనికి పైసా ఖర్చు లేకపోయినా చాలామంది చేయరు.

వెల కట్టే పద్ధతి

ఎస్టిబాట్, గోడాడీ వారి వెలకట్టు సేవ వంటివి పేరును ఇవ్వగానే ఒక అంకెను చూపిస్తాయి. వాటి లోపలి లెక్కలు పూర్తిగా బయటపెట్టరు గాని, ఆధారాలు స్థూలంగా ఇవి: పేరు పొడవు, చివరి సంకేతం, పేరులో గుర్తించిన పదాలు, ఆ పదాలను నెలకు ఎందరు వెదుకుతున్నారు, వాటిపై ప్రకటన నొక్కుకు ప్రకటనదారు ఎంత చెల్లిస్తున్నాడు, అటువంటి పేర్లు గతంలో ఎంతకు అమ్ముడుపోయాయి. గోడాడీ సేవ పాత అమ్మకాలపై శిక్షణ పొందిన యంత్రాభ్యాస నమూనాతో పనిచేస్తుంది.

ఈ ఆధారాలలో అన్నిటికంటె బలమైనది గత అమ్మకాలు, అన్నిటికంటె మోసపుచ్చేది కూడా అదే. నేమ్‌బయో వంటి పట్టికలలోకి బహిరంగంగా వెల్లడైన అమ్మకాలే ఎక్కుతాయి. రహస్య ఒప్పందాలు ఎక్కవు. ఏళ్ళ తరబడి అమ్ముడుపోక, రుసుము కట్టలేక వదిలేసిన పేర్లు అసలే ఎక్కవు. పంటల పోటీలో బహుమతి పొందిన చేలను మాత్రమే కొలిచి జిల్లా సగటు దిగుబడి చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పాత ఆధారాలు కొన్ని ఇప్పుడు లేవు. 2000లలో పేరు విలువను గూగుల్ పేజీర్యాంకుతో, అలెక్సా స్థానంతో చెప్పేవారు. పేజీర్యాంకును బయటకు చూపడం 2016లో ఆగిపోయింది. అలెక్సా 2022 మే 1న మూతపడింది. వెదికే పదమే డొమైను పేరుగా ఉంటే శోధనలో ముందుండే సౌకర్యం కూడా 2012 సెప్టెంబరులో గూగుల్ చేసిన మార్పుతో తగ్గింది. ఆ సౌకర్యాన్ని నమ్మి పొడవాటి పేర్లు వందల కొద్దీ కొన్నవారు అప్పుడు నష్టపోయారు.

చేవెళ్ల, మొయినాబాద్ పేర్లు

హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్ళే రహదారిపై మొదట మొయినాబాద్, తరువాత చేవెళ్ల వస్తాయి. కూరగాయలకు, పూలతోటలకు పేరుపడ్డ ప్రాంతమిది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. వాటిలో మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామాలూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ 69వ నంబరు ఉత్తర్వు జారీచేసింది. భూమి ధర ఉత్తర్వును బట్టి కదిలే చోట ఊరి పేరు గల డొమైనుకు గిరాకీ కూడా అట్లే కదులుతుంది. ప్లాట్లు, ఫామ్‌హౌసులు, రిసార్టులు, పెళ్ళి మంటపాలవారు ఊరి పేరుకు తమ వ్యాపారపు పేరు చేర్చి సైట్లు పెట్టుకుంటారు. వెలకట్టు ఉపకరణానికి ఈ ఉత్తర్వుల సంగతి తెలియదు. అది పాత అమ్మకాలనే చూస్తుంది.

అసలు చిక్కు అక్షరాలతో మొదలవుతుంది. రోమను లిపిలో చేవెళ్ల పేరు చివర ఉండే 'ఎ' అక్షరాన్ని 'ఇ' చేస్తే అది షెవెల్ అవుతుంది. షెవెల్ అనేది షెవ్రొలే సంస్థ 1964 నుండి 1977 వరకు మోడళ్ళుగా తెచ్చిన ఒక కారు. అదే పేరుతో అమెరికాలో ఒక రాక్ సంగీత బృందం కూడా ఉంది. ఒక్క అక్షరం తేడాను అచ్చుతప్పుగా భావించే ఉపకరణం, కారు అభిమానుల వెదుకులాటను మన ఊరి ఖాతాలో వేసి ధర పెంచి చూపే ప్రమాదముంది. ఆ అంకెను నమ్మి కొన్నవాడికి రెండు నష్టాలు. చేవెళ్లలో ప్లాటు అమ్మేవాడు ఆ ధర ఇవ్వడు. కారు పేరు ఆశతో అమ్మజూపితే వ్యాపారచిహ్నం వివాదం వస్తుంది.

మొయినాబాద్‌ది మరొక రకం చిక్కు. ఈ పేరు గల ఊళ్లు ఇరాన్‌లోనూ ఉన్నాయి. రోమను లిపిలో దీనిని పలు విధాలుగా రాస్తారు. వెదికేవారు ఆ రూపాల మధ్య చీలిపోతారు కనుక ఒక్కొక్క రూపానికి ఉపకరణం చూపే వెదుకులాట సంఖ్య అసలు గిరాకీ కంటె తక్కువగా ఉంటుంది. చేవెళ్లకు ఎక్కువ చెప్పే యంత్రమే మొయినాబాద్‌కు తక్కువ చెప్పవచ్చునన్నమాట.

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ దేవాలయానికి, విదేశాలకు వెళ్ళగోరే విద్యార్థులు మొక్కుకొనడం వలన వీసా బాలాజీ అనే పేరు స్థిరపడింది. ఈ మాటను ఇంగ్లీషులో ఉపకరణానికి ఇస్తే అది మొదట గుర్తించేది వీసా అనే పదాన్ని. ఆ పదంపై ప్రకటనల పోటీ ఎక్కువ, పైగా అది ఒక ప్రసిద్ధ కార్డుల సంస్థ వ్యాపారచిహ్నం. భక్తుల మాట, బ్యాంకు కార్డు యంత్రానికి ఒకటే. ఇటువంటి పేరుకు వచ్చే పెద్ద అంకె నిజానికి హెచ్చరికగా తీసుకోదగినది.

రాజకీయ మార్పులు కూడా లెక్కకు అందవు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ అనే రెండక్షరాలు ప్రభుత్వ సంస్థల పేర్లలో, వాహన సంఖ్యలలో చేరాయి. 2024లో వాటి స్థానంలో టీజీ వచ్చింది. సర్వీసు కమిషను, రోడ్డు రవాణా సంస్థ పేర్లు కూడా మారాయి. టీఎస్‌తో మొదలయ్యే ప్రైవేటు సైట్ల పేర్లు చెల్లకుండా పోలేదు గాని, పదేళ్ళుగా వాటికున్న సహజమైన అర్థం పలచబడింది.

తెలుగు లిపిలో పేర్లు

తెలుగు అక్షరాల పేరును సర్వర్లు నేరుగా చదవవు. 2003లో ప్రమాణమైన ప్యూనీకోడ్ పద్ధతిలో దానిని రోమను అక్షరాల, అంకెల వరుసగా మారుస్తారు. తెలుగులో డాట్ భారత్ సంకేతం 2011లో మూల సర్వర్లలో చేరింది. ఇక్కడ చేవెళ్ల, చేవెళ్ళ అనే రెండు రాతలూ వేర్వేరు పేర్లు. ళకు లవత్తు ఇచ్చినా ళవత్తు ఇచ్చినా మనకు ఊరు ఒకటే, యంత్రానికి రెండు. తెలుగు, కన్నడ లిపులలో ఒకే రూపంలో కనిపించే అక్షరాలు ఉండడం వలన నకిలీ పేర్ల భయం కూడా ఉంది. తెలుగు లిపి పేర్ల అమ్మకాలు పట్టికలలో అరుదు కనుక, వీటి విషయంలో ఉపకరణాలు చెప్పే ధరకు ఆధారమంటూ దాదాపు ఏమీ లేదు.

చట్టపరమైన హద్దులు

డొమైను పేర్లకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఈ లోటును పూరించిన తీర్పు సత్యం ఇన్ఫోవే వ్యాజ్యంలోనే వచ్చింది. సత్యం, ఇన్ఫోవే అన్న రెండు మాటల నుండి సిఫీ అనే పేరు కల్పించి, ఆ సంస్థ 1999 జూన్‌లో సిఫీనెట్, సిఫీమాల్, సిఫీరియల్‌ఎస్టేట్ వంటి డొమైన్లు నమోదు చేసుకుంది. 2001లో సిఫినెట్ సొల్యూషన్స్ అనే మరొక సంస్థ ఇంగ్లీషులో ఒక 'ఎఫ్' అదనంగా చేర్చిన పేరుతో ఇంటర్నెట్టు వ్యాపారం మొదలుపెట్టింది. తమ ఐదుగురు ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరని వాదించింది. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా తాత్కాలిక నిషేధం ఇవ్వగా, కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. 2004 మే 6న జస్టిస్ రూమాపాల్, జస్టిస్ పి.వెంకటరామరెడ్డిల సుప్రీంకోర్టు ధర్మాసనం నిషేధాన్ని పునరుద్ధరించింది. డొమైను పేరు వ్యాపారచిహ్నం వంటి గుర్తింపును మోయగలదని, ఒకరి పేరును తనదిగా చలామణీ చేయడాన్ని అడ్డుకొనే న్యాయసూత్రం దీనికీ వర్తిస్తుందని చెప్పింది.

అంతర్జాతీయంగా 1999లో ఐకాన్ ఆమోదించిన వివాద పరిష్కార విధానం, డాట్ ఇన్ పేర్లకు నిక్సీ విధానం ఉన్నాయి. పేరు వ్యాపారచిహ్నాన్ని పోలి ఉండడం, నమోదుదారుకు న్యాయమైన ఆసక్తి లేకపోవడం, దురుద్దేశం వీటిలో ముఖ్యమైన అంశాలు. చిహ్నం యజమానికే అమ్మజూపేందుకు నమోదు చేయడం దురుద్దేశానికి సాక్ష్యమవుతుంది. ఊరి పేరు, నిఘంటువులోని మామూలు పదం ఈ విషయంలో కొంత సురక్షితం. ఉపకరణాలలో చిహ్నాల తనిఖీ ఉన్నా, సిఫీ వంటి కల్పిత పదాలను, ఒక్క అక్షరం తేడాలను అవి తరచు వదిలేస్తాయి.

ఖర్చు, మోసాలు

డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రీ వసూలు చేసే టోకు ధర 2024 సెప్టెంబరు 1 నుండి 10.26 డాలర్లు. రిజిస్ట్రారు లాభం, పన్నులు కలిపి ఏటా సుమారు వెయ్యి రూపాయలు అనుకుంటే, చేవెళ్ల, మొయినాబాద్ పేర్లతో 50 డొమైన్లు ఉంచుకున్న వ్యక్తికి ఏడాదికి 50 వేలు ఖర్చు. అందులో ఒకటి 40 వేలకు అమ్మినా ఆ ఏడాది నష్టమే, అమ్మకపు వేదిక తీసుకొనే రుసుము దీనికి అదనం. ఉపకరణాలు ఈ 50 పేర్లకు విడివిడిగా చూపిన ధరలన్నీ కూడి ఆస్తిగా చూపించుకొనడం కొత్తవారిలో సాధారణం. అమ్ముడుపోయే అవకాశం ఎంత, ఎన్నేళ్ళకు అన్నది ఆ కూడికలో ఉండదు.

ధ్రువపత్రం మోసం ఒకటి చాలాకాలంగా ఉన్నది. కొనుగోలుదారునంటూ ఒకరు ఉత్తరం రాసి, పెద్ద ధర ఒప్పుకొని, ఫలానా చోట విలువ ధ్రువపత్రం తెమ్మంటాడు. ఆ సేవ అతనిదే. రుసుము అందగానే కొనుగోలుదారు మాయమవుతాడు. నిజమైన కొనుగోలుదారుకు అమ్మేవాడు కొనితెచ్చిన ధ్రువపత్రంతో పని ఉండదు. అమ్మకం ఖాయమైతే సొమ్మును మధ్యవర్తి సంస్థ వద్ద ఉంచి, పేరు కొన్నవారి ఖాతాలోకి మారిన తరువాతే అమ్మినవారికి విడుదల చేయించడం ఆచారం.