సమర్ఖండ్ వారిని ఏమని పిలవాలి?

విజయనగర చరిత్ర చదువుకున్న తెలుగువారికి అబ్దుల్ రజాక్ పేరు తెలిసే ఉంటుంది. హెరాత్ నుంచి ఏలిన షారుఖ్ పంపగా 1443లో రెండవ దేవరాయల కొలువుకు వచ్చిన రాయబారి ఆయన. ఆయన పేరు చివర 'సమర్ఖండీ' అని ఉంటుంది. విశేషమేమిటంటే, ఆయన పుట్టింది సమర్ఖండ్‌లో కాదు, హెరాత్‌లో. కాపురం మారినా పాత ఊరు పేరును అంటిపెట్టుకునే ఉంది.

పారశీకంలో ఊరి పేరుకు 'ఈ' చేరిస్తే ఆ ఊరివాడని అర్థం. మన 'హైదరాబాదీ'లో ఉన్నదీ ఆ 'ఈ'నే. ఉజ్బెక్ భాషలో ఆ పని 'లిక్' చేస్తుంది. 'సమర్ఖండ్‌లిక్' అంటే సమర్ఖండ్ మనిషి. ఇంట్లో తాజిక్ మాట్లాడినా, బజారులో ఉజ్బెక్ మాట్లాడినా ఈ మాటకు అభ్యంతరం లేదు.

ఆ ప్రాంతపు పట్టణవాసులకు 'సార్త్' అనే మరో పేరు కూడా ఉండేది. దీని మూలం సంస్కృత 'సార్థ' శబ్దమని పండితులు చెబుతారు. సార్థమంటే వర్తకుల బిడారు. మన కథల్లోని సార్థవాహుడు ఆ బిడారుకు నాయకుడు. 11వ శతాబ్దంలో మహమూద్ కాష్గరీ తన తుర్కీ నిఘంటువులో 'సార్త్' అంటే వర్తకుడనే రాశాడు. తర్వాత ఆ మాట స్థిరనివాసులందరికీ వర్తించింది. చివరికి దాన్ని 'పసుపు కుక్క' అనే అర్థం వచ్చేలా విరిచి ఎగతాళి చేసేవారూ తయారయ్యారు. 1897 నాటి రష్యా జనాభా లెక్కల్లో సార్తులను ప్రత్యేకంగా లెక్కించారు. సోవియట్ ప్రభుత్వం ఆ పేరునే తీసేసింది.

1924లో మధ్య ఆసియాను జాతుల వారీగా విభజించినప్పుడు సమర్ఖండ్ ఉజ్బెకిస్తాన్‌కు దక్కింది. 1920 లెక్కల్లో ఆ నగరంలో తాజిక్కులు 44 వేల పైచిలుకు, ఉజ్బెకులు 3 వేల పైచిలుకు. 1926కల్లా తాజిక్కులు 10 వేల పైచిలుకు, ఉజ్బెకులు 43 వేల పైచిలుకు! ఆరేళ్ళలో ఊరంతా ఖాళీ అయి మరో జనం వచ్చి చేరలేదు. చాలామంది విషయంలో మారింది కాగితం మీద రాసిన జాతి పేరే. ఏదో ఒకటే ఎంచుకోవాలన్నప్పుడు, రెండు భాషల ఇళ్ళకు దొరికిన జవాబు అది.

పరాయి దేశంలో దరఖాస్తు నింపుతూ, మనం ఏ గడిలో టిక్కు పెట్టాలా అని ఆగే మనకు ఈ ఇబ్బంది కొత్త కాదు. ఇక్కడే పుట్టిన మన పిల్లలను 'మీది ఏ ఊరు?' అని అడిగితే, తాతగారి ఊరి పేరు చెప్పడం అబద్ధమేమీ కాదు. హెరాత్‌లో పుట్టిన సమర్ఖండీ చేసిందీ అదే.