పెద్దమ్మవారు, ఆటలమ్మ

నెల్లూరు సీమలో సముద్రపుటొడ్డు పల్లెలయందు బిడ్డకు జ్వరము తగిలి మేన పొక్కులు లేచినచో నేటికిని "అమ్మవారు పోసినది" యనియే యందురు. స్ఫోటకము పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. పేళ్ళు రెండైనను కొలువు ఒక్కటియే. ఎల్మోరు దొర 1915లో ప్రకటించిన ద్రావిడదేవతల గ్రంథమున పోలేరమ్మను స్ఫోటకమునకు దేవతగా వర్ణించియున్నాడు.

ఈ కలగాపులగము మనవారిది మాత్రమే కాదు. ఆంగ్లవైద్యుడు హెబర్డెను 1767లో లండను వైద్యుల యెదుట భేదమును వివరించువఱకు ఐరోపా వైద్యులును తఱచు రెంటిని ఒక్కటిగనే యెంచుచుండిరి. స్ఫోటకము మొగమునను కాలుసేతులను దట్టముగా లేచి, అన్నియు నొక్కతీరుగా పండును. ఆటలమ్మ ఱొమ్మున, వీపున నెక్కువ. ఒక పొక్కు మాడుచుండగా వేఱొకటి మొలచును.

ఈ భేదమెఱుగమి వలని నష్టము చిన్నది గాదు. 1802లో గోమసూరి టీకాలు బొంబాయికిని, ఆ యేటనే చెన్నపట్టణమునకును వచ్చెను. అవి స్ఫోటకమును ఆపును గాని ఆటలమ్మను ఆపవు. టీకా వేయించిన బిడ్డకే పొక్కులు లేచినపుడు "ఇక టీకా యెందుకు?" అని తల్లి యడిగినచో, ఆమెను మూఢురాలనుట న్యాయమా? ఆమెకు భేదము చెప్పినవారెవరు?

1975 మే నెలతో మనదేశమున స్ఫోటకము అంతరించెను. 1977లో ఆ మాట ధ్రువపడినది. ఆ కడపటి గాలింపులో ఆటలమ్మ పక్కులను గూడ పరీక్షింపవలసివచ్చెను. పెద్దది పోయినది; చిన్నది బడిలో నిలిచినది.

బడిలో దీని నడక విచిత్రము. పొక్కు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందుగనే ఇతరులకు సోకును. సోకినవానికి పొక్కు లేచుటకు సుమారు రెండు వారములు పట్టును. ఒక బిడ్డకు తలకు నీళ్ళుపోసి మరల బడికి పంపిన కొలది దినములకే ప్రక్కవానికి లేచును. అమ్మవారు ఆ యింటికి క్రొత్తగా వచ్చినదనుకొందురు. వచ్చి రెండు వారములైనది.

వేపమండలు గట్టి, పక్కులు కట్టువఱకు బిడ్డను వేఱుగ నుంచు పెద్దల యాచారమును నేను నిందింపను. అందు వైద్యమున్నది. దేవత యలుగునని బడికి చెప్పక దాచుటయే దోషము. ఆ తరగతి పంతులమ్మ గర్భవతియై, చిన్ననాట ఆటలమ్మ పోయనిదైనచో, ఆమెకును గర్భస్థ శిశువునకును ముప్పు గలదు; వెంటనే వైద్యునికి చూపుకొనవలెను. పిల్లల జ్వరమునకు ఆస్పిరిను బిళ్ల యీయరాదు. జపాను వైద్యుడు తకహాషి 1974లో ప్రకటించిన టీకా మనదేశమున దొరకుచున్నది గాని, సర్కారు ఉచిత టీకాల పట్టికకు ఎక్కలేదు. కొనగలవారి బిడ్డలకే అది అందుచున్నది.