ఇరుక్కున్న పిస్టన్, ఉస్తాదుల తారీఖ్



ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. పెనుకొండ తారీఖ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఖిలా, 1565లో తళ్ళికోట జంగ్ తర్వాత విజయనగర రాజులు ఇక్కడికొచ్చి రాజధాని పెట్టుకోవడం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా. ఇవన్నీ రాళ్ళ మీద ఉన్నాయి, పుస్తకాల్లో ఉన్నాయి. మన ఖాందాన్‌లలో ఇంకో తారీఖ్ ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల పక్కన రేకుల షెడ్లలో జీపులు, లారీలు బాగు చేసిన మిస్త్రీల తారీఖ్ అది. దాన్ని ఎవరూ రాయలేదు. ఆ చేతులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. అందుకే ఈసారి ఒక చిన్న ఇనుప ముక్కని పట్టుకుని ఆ తారీఖ్ చెప్తాను.

ఆ ముక్క పేరు మాస్టర్ సిలిండర్. పాత జీపులో అది డ్రైవర్ కాళ్ళ కింద, ఛాసిస్‌ని పట్టుకుని ఉంటుంది. పెడల్ తొక్కితే లోపల పిస్టన్ ముందుకి జరుగుతుంది, ఎదురుగా ఉన్న ద్రవాన్ని నెడుతుంది. ఆ ఒత్తిడి సన్న గొట్టాల్లోంచి నాలుగు చక్రాలకీ చేరి బ్రేకు పడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకీ సమానంగా పోతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పాస్కల్ చెప్పిన సూత్రం ఇదే.

సిలిండర్, పిస్టన్ మాత్రం అంతకంటే పాతవి. 1206లో అల్ జజరీ రాసిన యంత్రాల కితాబులో రెండు సిలిండర్లతో నీళ్ళు తోడే పంపు బొమ్మతో సహా ఉంది. ఆయన బ్రేకు కనిపెట్టాడని నేను అనను, అది అబద్ధం అవుతుంది. కానీ ఆయన కితాబులో నాకు నచ్చేది వేరే. ఏ ముక్క ఏ కొలతతో చేయాలో, ఎలా బిగించాలో, తర్వాత వచ్చే మిస్త్రీ మళ్ళీ చేసుకునేలా రాశాడు. తన చేతిలోని హునర్‌ని కాగితం మీద పెట్టాడు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆయన పేరు మిగిలిందంటే అందుకే.

మోటారు బండికి ద్రవంతో పనిచేసే బ్రేకుల్ని తెచ్చింది అమెరికాలో మాల్కం లాక్‌హీడ్. విమానాల కంపెనీతో పేరు మోసిన లాక్‌హీడ్ అన్నదమ్ముల్లో ఒకరు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ ఆ బ్రేకులు వచ్చాయి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి రెండో ప్రపంచ యుద్ధం. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. వాటన్నిటి కిందా ఈ మాస్టర్ సిలిండరే.

జీపు మన దేశంలో స్థిరపడిన కథలో మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, మలిక్ గులాం ముహమ్మద్ అనే ఆయన కలిసి ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్. మొదట ఉక్కు వ్యాపారం. తఖ్సీమ్ తర్వాత గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళారు. ఆ దేశానికి తొలి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించి, తర్వాత ఇక్కడే తయారు చేసి ఊరూరికీ పంపింది ఆ కంపెనీయే. బోర్డు మీదనుంచి ముహమ్మద్ పేరు పోయింది. బండి కింద పడుకుని పానా తిప్పే ముహమ్మద్‌లు మాత్రం ఊరూరా మిగిలారు.

మన సీమలో జీపు అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. తహసీల్దారు వచ్చేది జీపులో, ఓట్ల ప్రచారం జీపులో, పెళ్ళి బృందం జీపులో, బస్సు లేని పల్లెకి పోయేది జీపులో. పాత జీపుల్లో స్టీరింగు ఎడమవైపు ఉండేది. వెనక వచ్చేవాళ్ళకి తెలియాలని ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని రాసుకునేవాళ్ళు. ఆ జీపులకి బ్రేకు లైను ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. ఒకటి పోతే ఇంకొకటి పట్టేలా రెండు లైన్ల బ్రేకు అమెరికాలో కూడా 1960ల చివర్లో గానీ తప్పనిసరి కాలేదు. అంటే పెనుకొండ ఘాటు దిగే జీపులో పన్నెండు మంది కూర్చుంటే, ఆ పన్నెండు జానులూ మిస్త్రీ అమానత్ అన్నమాట.

మా మామూది హిందూపురంలో పాత షెడ్డు. ఆమధ్య ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒకాయన తన తాత జీపుని లారీ మీద ఎక్కించి పంపాడు. ఏళ్ళ తరబడి దొడ్లో నిలబడి ఉన్న బండి. బ్రేకు పెడల్ సగం దిగి అక్కడే ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. నేను మూడు రోజులు మామూ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఆయన చేసింది చేసినట్టు రాసుకున్నాను.

ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టించారు. బ్రేకు లేని బండి, కింద మనిషి పడుకోవాలి. తర్వాత నేల రేకు విప్పి, బ్రేకు లైటు స్విచ్ తీగలు తీసి, గొట్టం నట్టు మీద తుప్పు విడిపించే నూనె పోసి వదిలేశారు. నేను తొందరపడితే, “జల్దీ నక్కో బేటా, లోహే కూ భీ టైమ్ దేనా” అన్నారు. బలం పెడితే నట్టు రాదు, గొట్టమే మెలి తిరిగి తెగుతుంది. మర్నాడు పొద్దున నట్టు వదిలింది. పెడల్ కడ్డీ విడదీసి, బోల్టులు తీసి సిలిండర్‌ని కిందికి దించారు. మధ్యాహ్నానికి అది బల్ల మీద వైస్‌లో ఉంది.

వెనక రబ్బరు తొడుగు తీస్తే లోపలంతా ఎర్రగా జంగు. దాన్ని గీకి, పిస్టన్‌ని ఆపి ఉంచే తీగ రింగుని బయటికి లాగారు. రింగు వచ్చినా పిస్టన్ కదల్లేదు. మళ్ళీ నూనె పోసి ఇంకో రాత్రి ఆగారు. మూడో రోజు మామూ చేసిన పని చూడాలి. ద్రవం బయటికి పోయే రంధ్రంలో గ్రీజు నిపుల్ బిగించి, గ్రీజు గన్‌తో మెల్లగా కొట్టడం మొదలుపెట్టారు. పెడల్ సగం దిగి ఆగింది కాబట్టి, లోపలి రబ్బరు కప్పు ఆయిల్ డబ్బాకి పోయే చిన్న కన్నాన్ని దాటి ముందుకి పోయి ఉంది. గ్రీజుకి తప్పించుకునే దారి లేదు, పిస్టన్‌ని వెనక్కి నెట్టాల్సిందే. పదో పన్నెండో దెబ్బలకి టక్కుమని శబ్దం, పిస్టన్ వేలెడంత బయటికి వచ్చింది. “గాలి పెట్టొచ్చు కదా మామూ” అన్నాను. గాలి అణిగి ఉంటుంది, పిస్టన్ వదిలిన క్షణాన గోలీలా ఎగిరి కన్ను తీస్తుంది అన్నారు. గ్రీజు అణగదు కాబట్టి పిస్టన్ కొంచెం జరగ్గానే ఒత్తిడి పడిపోతుంది. పాస్కల్ పేరు మామూ ఎప్పుడూ వినలేదు. ఆయన సూత్రం మాత్రం మామూ చేతుల్లో ఉంది.

ఇంతకీ ఎందుకు ఇరుక్కుంది? మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ ఇప్పుడు వాడేది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. అది గాలిలోని నమీని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది మరగాలంటే కనీసం 205 డిగ్రీలు కావాలి. నీళ్ళు చేరాక 140 దగ్గరే మరగొచ్చు. ఘాటు రోడ్డులో బ్రేకు మెత్తబడి పోయేది అందుకే. బండి కదలకుండా నిలబడితే ఆ నీళ్ళే ఇనుముని తింటాయి. మొదటి రోజుల్లో బ్రేకులకి పోసింది ఆముదం, ఆల్కహాల్ కలిపిన ద్రవం. పెట్రోలు జాతి నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బిపోతుంది, ఆముదం దాన్ని పాడు చేయదు. కాస్ట్రాల్ అనే ఇంజన్ ఆయిల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచి వచ్చిందే. మన వేరుశనగ చేల గట్ల మీద పెరిగే చెట్టు, నానీ మన తలకి రాసిన అరండీ కా తేల్, అమెరికా కార్ల బ్రేకుల్లో పనిచేసింది.

గ్రీజు తగిలిన రబ్బర్లన్నీ మామూ పారేశారు. సిలిండర్ లోపల వేలు పెట్టి తడిమి, గుంటలు పడ్డాయని ఆ సిలిండర్‌నే పక్కన పెట్టారు. సాన పట్టి కొత్త రబ్బర్లు వేస్తే సగం ఖర్చుతో పోయేది, గిరాకీ కూడా అదే అడిగాడు. “బ్రేక్ మే కంజూసీ నక్కో” అని ఫోన్ పెట్టేశారు. మూడు రోజుల మేహనత్‌తో బయటికి తీసింది చివరికి పాత ఇనుములోకి పోయింది. దానికి ఆయనేమీ బాధపడలేదు. బండిలో కూర్చునేవాళ్ళ జాను ముఖ్యం.

ఈ ఇల్మ్ మామూకి ఎక్కడినుంచి వచ్చింది? తన ఉస్తాద్ దగ్గర్నుంచి. ఆ ఉస్తాద్‌కి ఆయన ఉస్తాద్ నుంచి. పెనుకొండ బాబా ఫఖ్రుద్దీన్ తిరుచిరాపల్లి నథర్ వలీ మురీద్ అని రివాయత్ చెప్తుంది. సూఫీల సిల్‌సిలాలో ఎవరి పీర్ ఎవరో దర్గా గోడ మీద రాసి ఉంటుంది. మిస్త్రీల సిల్‌సిలాకి అలాంటి గోడ లేదు.

దీన్ని పొగిడి వదిలేస్తే బేఇమానీ అవుతుంది. ఆ సిల్‌సిలాలో చేరిన పిల్లలు చాలామంది పదేళ్ళకే బడి మానేశారు. 2006లో సచార్ కమిటీ చెప్పినట్టు మనవాళ్ళు ఎక్కువగా సొంత పనుల మీదే బతుకుతున్నారు. నెల జీతం లేదు, పింఛను లేదు, చేతిలో సనద్ లేదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని 2016లో చట్టం గట్టిగా చెప్పింది, అది మంచిదే. పిల్లవాడి జాగా బడి.

ఇప్పుడు అదే పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ఖానా ఉంది. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికి వచ్చింది. మొదలైనప్పుడు ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కార్ఖానా. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ బ్రేకులో లోపం చూడాలంటే స్కానర్ కావాలి. గేటు దగ్గర అడిగేది ఐటీఐ, డిప్లొమా. నలభై ఏళ్ళు బ్రేకులు చేసిన మనిషికి అక్కడ చూపించడానికి కాగితం లేదు. ఆయన మనవడికి కాగితం ఉండొచ్చు గానీ తాత వేలికొసలకి తెలిసింది వాడికి తెలియదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండి కలవకపోవడమే నాకు బాధ.

కలపడానికి దారి ఉంది. బడికి పోకుండా నేర్చుకున్న పనికి కూడా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మీ ఇంట్లో మిస్త్రీ ఉంటే దాని గురించి దగ్గరలోని ఐటీఐలో అడగండి. ఐటీఐ చదివే పిల్లలు సెలవుల్లో ఉస్తాద్ పక్కన కూర్చోండి. ఫోన్‌లో వీడియో తీయండి, ఏ ముక్క ఎందుకు అలా తీశారో అడిగి రాయండి. మొదటి పేజీలో మాత్రం ఒక సవాల్ తప్పకుండా ఉండాలి: “మీ ఉస్తాద్ ఎవరు?” ఆ జవాబు కింద ఆయన పేరు, ఊరు, ఆయన ఉస్తాద్ పేరు రాయండి. మామూ దగ్గర రాసుకున్న నోటుబుక్కులో నేను అక్కడినుంచే మొదలుపెట్టాను. మూడు పేర్ల వరకు వచ్చింది. నాలుగోది హిందూపురంలో ఏ బుజుర్గ్‌కైనా గుర్తుందేమో, ఇన్షా అల్లాహ్, అడుగుతాను.