మూసీకి ఎదురుగా

హైదరాబాద్‌లో నయాపూల్ వంతెన మధ్యలో ఆగి, నీళ్లు వస్తున్న దిక్కుకు తిరగండి. ఎడమ చేతి వైపు పాతబస్తీ ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు, కుడి వైపు ఉస్మానియా ఆసుపత్రి. కింద నల్లటి నీరు, ముక్కు మూయించే వాసన. వెనక అఫ్జల్‌గంజ్ బస్సు వెళ్తుంటే కాళ్ల కింద వంతెన అదురుతుంది.

1908 సెప్టెంబరు 28న ఈ మూసీ నదే వరదై వేల ప్రాణాలు మింగింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టమన్నారాయన. అంతటితో ఆగలేదు. ఊళ్లో ఒడ్లను బాగుచేసి, తోటలూ బాటలూ వేయమన్నారు. ఆ సలహా నాకు ఇప్పటికీ అబ్బురమే. చావు లెక్కలు ఇంకా తేలని ఊళ్లో ఆయన జనం తీరిగ్గా నడిచే చోటు గురించి కూడా ఆలోచించారు.

ఊళ్లో భవనాలు కట్టే పనికి 1914లో ఇంగ్లిష్ ఆర్కిటెక్టు విన్సెంట్ ఎష్ వచ్చాడు. వంతెన దిగి హైకోర్టు వైపు నడవండి. గులాబీ గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి. ఎండపూట ఆ గోడ మీద అరచెయ్యి పెడితే చురుక్కుమంటుంది. జైపూర్ శంకర్‌లాల్ గీసిన నమూనా ఇది; దాన్ని నిలబెట్టే పని ఎష్ చూశాడు. 1920లో తెరిచారు. సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి కూడా అతని చేతి మీదుగా వచ్చినవే.

ఆ రోజుల్లోనే బెంగళూరులో జర్మన్ తోటల నిపుణుడు గుస్తావ్ క్రుంబీగల్, ఏడాది పొడుగునా ఏదో ఒక వీధిలో పూలుండేలా చెట్లు ఎంచి నాటించాడు. 1912లో ఆ మైసూరు సంస్థానానికి దివాను అయింది మన విశ్వేశ్వరయ్యే. బెంగళూరు వీధులకు తోటమాలి దొరికాడు. మన ఒడ్డుకు రాతిపని తెలిసినవాళ్లు దొరికారు.

చెట్టంటే ఇక్కడ ఏమిటో చూడాలంటే మళ్లీ వంతెన దాటి ఆసుపత్రి ఆవరణలోకి రండి. వాళ్లందరి కంటే ముందునుంచీ ఉన్న చింత అది. వరదప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలెక్కి బతికారు. మొదలు దగ్గర నిలబడి తల పైకెత్తండి. బెరడు నిండా పగుళ్లు, పైన సన్నటి ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా ఎండ. తల్లులు పిల్లల్ని ఏ కొమ్మకు అందించారో!

1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. విశ్వేశ్వరయ్య చెప్పినవాటిలో నీటి పని జరిగింది. నీడ పని మిగిలే ఉంది. మూసీని బాగుచేస్తామంటూ ఇప్పుడు ఎవరు నక్షా పరిచినా నేను ముందు అడిగేది ఒకటే: నయాపూల్ నుంచి పురానాపూల్ దాకా, నది పక్కనే, చెట్ల కింద నడిచి వెళ్లే బాట అందులో ఉందా?