యెదురు పిచ్చుక

మామిడికుదురులో వెదురు దడి మీద ఏ చిన్న గింజపిట్ట వాలినా పిచ్చుకే అంటాం. అసలు కబురంతా ఆ మాటకు ముందు చేర్చేదాంట్లో ఉంటుంది. 1860లలో మన దేశపు పక్షుల మీద పుస్తకం రాసిన జెర్డాన్, చలికాలంలో హిమాలయాల వైపు నుంచి దిగివచ్చే గులాబీ రంగు పిట్టకు తెలుగువాళ్ల పేరు రాసుకున్నాడు: 'యెదురు పిచ్చుక'. 'యెదురు' అంటే వెదురుకే వాడుక రూపం. వెదురుబియ్యం తినే పిట్ట అని. మగదాని తల, రొమ్ము ఎర్రగా మెరుస్తాయి. ముక్కు పొట్టిగా, లావుగా, గింజ చిదపడానికే అన్నట్టుంటుంది. అంత రంగున్నా తిండిని బట్టి పేరు పెట్టారంటే ఎంత దగ్గరగా చూశారో!

దీని చుట్టం ఒకటి సహారా ఎడారిలో ఉంటుంది. బొమ్మ బాకాలా కూస్తుంది, ఇంగ్లీషు పేరూ అందుకే బాకాపిట్ట. 1971లో దారితప్పి ఇంగ్లండు తీరాన తేలింది. అదే మన వైనతేయ నది గట్టున వాలి ఉంటే, పేరు పెట్టే ముందు ఏం తింటుందో చూసేవాళ్లు.